అమ్మమ్మ హస్తవాసి

“ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదండీ. ఆయన మాత్ర ఇచ్చారంటే జ్వరం పారిపోవలసిందే!” అని మన ఇళ్లలో అనుకోవటం మామూలే. మందు ఒకటే అయినా ఒకరి చేతిమీదుగా వస్తే పనిచేస్తుందనీ, మరొకరి చేతిమీదుగా వస్తే పనిచెయ్యదనీ నమ్మేవారు చదువుకున్నవాళ్లలో కూడా ఉన్నారు. ఇంతకూ ఈ హస్తవాసి అంటే ఏమిటి? నిజంగా అటువంటిది ఒకటుందా? ఉంటే అది పుట్టుకతో రావలసిందేనా, మనం కూడా సంపాదించుకోవచ్చునా?

ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా నాకు వైద్యగ్రంథాలకంటే ముందు మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. ఆవిడ నర్సు. 1926లో కృష్ణా జిల్లాలో ఒక చిన్న పల్లెలో పుట్టింది. 2019లో, తొంభై మూడో ఏట, తన మంచంమీద తన వాళ్ల మధ్య కన్నుమూసింది. ఈ మధ్యకాలంలో ఆవిడ చేతిలో ఎన్ని వందలమంది పసివాళ్లు భూమ్మీద పడ్డారో, ఎంతమంది రోగులు లేచి నడిచి ఇళ్లకు వెళ్లారో లెక్కలేదు. “నర్సమ్మగారి హస్తవాసి” అంటే చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లవాళ్లకు గురి.

ఆ మాట ఆవిడ చెవిన పడితే మాత్రం ఒప్పుకునేది కాదు. “హస్తవాసీ లేదు, గాడిదగుడ్డూ లేదు. చేతులు కడుక్కుంటాను, రోగిని చూస్తాను, చూసింది రాస్తాను. నాకు తెలిసింది ఈ మూడే” అనేది. డాక్టరుగా ఇన్నేళ్లు పనిచేశాక నాకూ అనిపిస్తోంది, ఆ మూడింటిలోనే సగం వైద్యం ఉందని. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు నర్సు కావలసిందే కనుక, ఈ వారం ఆవిడ పాఠాలే మీతో చెప్పుకుంటాను.

లంఖణం పరమౌషధమా?

అమ్మమ్మ కావాలని నర్సు కాలేదు. పధ్నాలుగో ఏట పెళ్లయింది. ఇరవయ్యో ఏట, 1946లో, మా తాతయ్య టైఫాయిడ్‌తో పోయారు. అప్పటికి ఇద్దరు పిల్లలు. మా అమ్మకు మూడేళ్లు, మామయ్యకు ఏడాది నిండలేదు.

టైఫాయిడ్‌కు అప్పట్లో మందు లేదు. క్లోరాంఫెనికాల్ ఆ జ్వరంమీద పనిచేస్తుందని తేలింది 1948లో. ఆ రెండేళ్ల తేడాలో మా ఇంటి కథ మారిపోయింది. కాని అమ్మమ్మను జన్మంతా బాధపెట్టింది మందు లేకపోవటం కాదు. “లంఖణం పరమౌషధం” అంటూ మూడు వారాలు ఆయనకు అన్నం పెట్టనివ్వలేదు. ఆఖరి రోజుల్లో ఆయన చారు నీళ్లకోసం చెయ్యి చాపితే పెద్దవాళ్లు గిన్నె అవతలికి జరిపారట. తిండి పెట్టివుంటే బతికేవారని ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి అమ్మమ్మకూ తెలుసు. అయినా, తర్వాత తన వార్డులో ఏ జ్వరం రోగినీ ఆకలితో పడుకోనివ్వలేదు.

జ్వరం వచ్చినప్పుడు శరీరం మామూలుకంటే ఎక్కువ శక్తిని ఖర్చుచేస్తుంది. చెమటరూపంలో నీరు పోతుంది. అలాంటప్పుడు తిండీ నీళ్లూ ఆపటం మండే పొయ్యిలోంచి కట్టెలు లాగటం కాదు, ఇంటి దూలాలు లాగి పొయ్యిలో పెట్టటం! ఆకలి లేకపోతే బలవంతం చెయ్యవద్దు. కాని గంజి, జావ, పాలు, మజ్జిగ, ఇడ్లీ, పప్పుకట్టుతో మెత్తటి అన్నం, ఏది సయిస్తే అది, కొంచెం కొంచెంగా రోజుకు అయిదారుసార్లు ఇవ్వండి. మూత్రం పలచటి రంగులో, మామూలుగా వస్తోందంటే నీళ్లు చాలుతున్నాయన్నమాట.

జ్వరం మూడు రోజులు దాటినా, మధ్యలోనే విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచో ముక్కునుంచో రక్తం, మగతగా పడివుండటం, ఆయాసం కనిపించినా ఆలస్యం చెయ్యవద్దు. డెంగీ అనే అనుమానం ఉన్న రోజుల్లో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోకండి. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు.

మొదటి పాఠం: కడగటం

భర్త పోయిన మరుసటి ఏడాది అమ్మమ్మ పిల్లలిద్దరినీ తన తల్లి దగ్గర వదిలి గుంటూరులో ఒక మిషను ఆస్పత్రిలో నర్సు శిక్షణకు చేరింది. గుంటూరుకు అప్పటికే ఆ విషయంలో పేరుంది. 1883లో అమెరికానుంచి అక్కడికి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకోసం ఆస్పత్రి నెలకొల్పి, 1930లో అక్కడే తనువు చాలించారు. పరాయి మగవాళ్లను తాకే పని, మలమూత్రాలు ఎత్తే పని అని మనవాళ్లలో చాలామంది నర్సు ఉద్యోగాన్ని ఈసడించుకునే రోజులవి. అమ్మమ్మ సెలవుకు ఊరొస్తే దగ్గరి బంధువులే ఆవిడ చేతి మంచినీళ్లు పుచ్చుకునేవారు కారు. ఆ ఇళ్లనుంచే అర్ధరాత్రివేళ కోడలికి నొప్పులు మొదలైతే లాంతరు పట్టుకుని వచ్చేవారు. అమ్మమ్మ ఒక్కమాట అనకుండా సంచీ తీసుకుని బయలుదేరేది.

పురుడు పొయ్యటానికి వెళ్లిన ఇంట్లో ఆవిడ మొట్టమొదట అడిగేది వేణ్ణీళ్లు, సబ్బు. గాజులు తీసి పక్కన పెట్టి, మోచేతులదాకా రుద్ది కడుక్కునేది. “ఇంత హంగామా ఎందుకమ్మా, మా మంత్రసాని అయితే వచ్చీరాగానే కూచునేది” అని ముసలమ్మలు విసుక్కున్నా సరే, చేతులు ఆరేదాకా గర్భిణిని ముట్టుకునేది కాదు.

ఈ పాఠం ప్రపంచానికి చాలా ఖరీదుగా దొరికింది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గదినుంచి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే వైద్యుల చేతుల ద్వారానే పురిటి జ్వరం వస్తోందని గ్రహించాడు. క్లోరిన్ కలిపిన ద్రావకంతో చేతులు కడుక్కోమని నియమం పెట్టగానే బాలింతల మరణాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. అయినా తోటి డాక్టర్లు ఆయన మాట చాలాకాలం నమ్మలేదు. పెద్దమనుషుల చేతులకు మురికి ఎలా ఉంటుందని వాళ్ల పౌరుషం!

మన పల్లెల్లో బాలింతలకంటే ఎక్కువగా పసికందులు పోయేవారు. కొడవలితో బొడ్డు కోసి, దానిమీద బూడిదో పేడో అద్దేవారు. వారం తిరగకముందే బిడ్డ పాలు తాగటం మానేసి, దవడలు బిగుసుకుని, విల్లులా వంగి చనిపోయేది. గాలి సోకిందనేవారు. అది ధనుర్వాతం. గర్భిణులకు టీకాలు వేయటం, ఆస్పత్రి కాన్పులు పెరగటం, బొడ్డు శుభ్రంగా కోయటం వల్ల మన దేశం 2015లో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు గుర్తింపు పొందింది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, శుభ్రమైన బొడ్డు. ఈ అయిదు శుభ్రతలనూ అమ్మమ్మ చేతివేళ్లమీద లెక్కపెట్టి మంత్రసానులకు నేర్పేది. వాళ్లతో పోట్లాట పెట్టుకునేది కాదు, పక్కన కూర్చోబెట్టుకునేది.

ఇంట్లో మనం గుర్తుంచుకోవలసింది ఇంతే. వంటకు ముందు, తినే ముందు, పసిబిడ్డను ఎత్తుకునే ముందు, రోగికి మందు ఇచ్చే ముందు, దొడ్డికి వెళ్లివచ్చాక, బిడ్డ మలం కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వేళ్ల సందులూ, గోళ్ల కిందా, బొటనవేలి చుట్టూ రుద్దుతూ ఇరవై సెకన్లు పట్టాలి. బిడ్డ బొడ్డుమీద పసుపు, నూనె, పౌడరు, ఏదీ వెయ్యనక్కరలేదు. పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది.

రెండో పాఠం: చూడటం

అమ్మమ్మ జాకెట్టుకు చిన్న గడియారం ఒకటి పిన్నుతో తగిలించి ఉండేది. రోగి దగ్గరికి వెళ్తే వెంటనే ప్రశ్నలు వేసేది కాదు. ఒక నిమిషం ఊరికే నిలబడేది. చూసేవాళ్లకు ఏదో ధ్యానంలో ఉన్నట్లు కనిపించేది. నిజానికి ఆవిడ ఊపిరి లెక్కపెడుతూ ఉండేది!

దగ్గూ జలుబూ వచ్చిన పసివాళ్లలో ఏది మామూలు జలుబో, ఏది న్యుమోనియానో తల్లి కనిపెట్టటానికి ఇంతకంటే తేలికైన ఉపాయం లేదు. బిడ్డ ఏడవకుండా, నిద్రలోనో ఒళ్లోనో ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలనుంచి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాదినుంచి అయిదేళ్లలోపు పిల్లలకు 40, అంతకు మించినా, ఆ అంకెకు చేరినా వెంటనే డాక్టరుకు చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇక లెక్కలతో పనిలేదు, పరుగెత్తవలసిందే.

చూపు అంటే రోగి ముఖాన్నే కాదు, రోగి చుట్టూ కూడా చూడటం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమందిని పొట్టనపెట్టుకున్న ఆ ఉప్పెన తర్వాత టీకాలు వేసే బృందంతో అమ్మమ్మ కూడా వెళ్లింది. అప్పటికి ఆవిడకు యాభై ఒక్క ఏళ్లు. అక్కడ చూసినవాటిని గురించి ఆవిడ ఎక్కువగా మాట్లాడేది కాదు. ఒక్కటి మాత్రం చెప్పేది: “బతికినవాళ్లు నీళ్లవల్ల చావకుండా చూడటమే మా పని.” బావులన్నీ పాడైపోయాయి. వాంతులు, విరేచనాలు మొదలైతే అందరికీ ఎక్కించటానికి సెలైను సీసాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కాచిన నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి తల్లుల చేతికి చెంచా ఇచ్చి కూర్చోబెట్టేది.

ఆ చెంచా వెనక పెద్ద శాస్త్రమే ఉంది. 1971లో, బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇదే పని చేశారు. సెలైను నిండుకోగా, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో పెట్టి రోగుల బంధువులచేతనే తాగించారు. నూటికి ముప్పైమంది చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగుకంటే తగ్గాయి. ఆయన 2022లో మరణించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇంట్లో ఓఆర్ఎస్ పొట్లాలు రెండైనా ఉంచుకోండి. పొట్లం అంతా ఒకేసారి, దానిమీద రాసినంత నీటిలోనే కలపాలి. చాలామంది చేసేటట్లు గ్లాసులో చిటికెడు వేసుకోకూడదు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తల కొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు. కలిపిన నీరు ఒకరోజు దాటితే పారబొయ్యండి. బిడ్డ వాంతి చేసుకుంటే పదినిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మొదలుపెట్టండి. తల్లిపాలు, తిండి ఆపవద్దు. పిల్లలకు డాక్టరు రాసిచ్చిన జింకు మందును విరేచనాలు కట్టినా పధ్నాలుగు రోజులూ వెయ్యాలి.

మూడో పాఠం: రాయటం

1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గింది. ఒక్కసారే ఇళ్లకు వచ్చేసిన వేలమందిలో అమ్మమ్మ ఒకరు. ఆ సాయంత్రం ఆవిడ ఏడవలేదు, మాట్లాడనూ లేదు. మర్నాడు బజారుకు వెళ్లి అట్టబైండు నోటుపుస్తకం కొనుక్కొచ్చింది. ఇక ఇల్లే వార్డు!

ఆ పుస్తకంలో ఇంట్లో ప్రతివారికీ కొన్ని పేజీలు. ఎవరికి ఏ టీకా ఎప్పుడు వేయించారు, ఎవరికి ఏ మందు పడదు, ఎవరి రక్తపోటు ఎంత, ఏ మాత్ర ఏ తేదీన మొదలుపెట్టారు, అన్నీ ఉండేవి. చాదస్తం అని మేం నవ్వేవాళ్లం. మామయ్యకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షను వికటించిన సంగతి ఆ పుస్తకంలో ఎర్రసిరాతో రాసి ఉంది. పదహారేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఆయనకు ఆపరేషను జరుగుతున్నప్పుడు ఆ ఒక్క వాక్యమే పనికొచ్చింది.

మీ ఇంట్లో కూడా అటువంటి పుస్తకం ఒకటి పెట్టండి. ముఖ్యంగా పెద్దవాళ్లకు. ముగ్గురు డాక్టర్లు రాసిన మందుల్లో ఒకటే మందు రెండు పేర్లతో ఉండటం నేను తరచు చూస్తుంటాను. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకమూ, ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచీలో వేసుకుని తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ మిగిలిందని దాచుకోవటం, పక్కింటివారికి ఇవ్వటం అమ్మమ్మ దృష్టిలో దొంగతనంతో సమానం.

తొంభై మూడేళ్ల రహస్యం

“మీ అమ్మమ్మ అన్నేళ్లు ఎలా బతికారండీ? ఏం తినేవారు?” అని అడగనివారు లేరు. ఏదో వేరో, కషాయమో చెబుతానని ఆశిస్తారు. తినేది అందరూ తినేదే. అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర, మజ్జిగ. అరవయ్యో ఏట రక్తపోటు ఉందని తెలిసింది. ఆవకాయంటే ప్రాణం పెట్టే మనిషి, ఆదివారం ఒక్క ముక్కకు సరిపెట్టుకుంది. పెద్దవాళ్లు రోజు మొత్తంమీద అయిదు గ్రాములకు మించి ఉప్పు వాడకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పే మాట. అంటే ఇంచుమించు ఒక టీచెంచా. మన ఊరగాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు కలిస్తే అది దాటటం ఎంతసేపు?

రక్తపోటు మాత్రను ముప్పైమూడేళ్లు ఒక్కరోజు మానలేదు. “బాగానే ఉన్నాను కదా, ఎందుకు?” అనేవారికి ఆవిడ జవాబు, “వేసుకుంటున్నాను కాబట్టి బాగున్నాను.” కళ్లల్లో శుక్లాలు ముదిరేదాకా ఆగకుండా ఆపరేషను చేయించుకుంది. రోజూ తెల్లవారుజామున నడిచేది. ఎవరైనా మంచాన పడ్డారంటే చూడటానికి వెళ్లేది. ఒక్క మనిషి దీర్ఘాయుష్షు శాస్త్రానికి సాక్ష్యం కాదు. వంశమూ అదృష్టమూ ఉంటాయి. కాని ఈ అలవాట్లలో ఏదీ నష్టం చేసేది కాదు, ఖరీదైనదీ కాదు.

గడప దగ్గర గండం

ఎనభై ఎనిమిదో ఏట ఒక రాత్రి అమ్మమ్మ స్నానాలగది గడప తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. “ఈ వయసులో ఆపరేషనేమిటి? కట్టు కట్టించి ఇంటికి తీసుకుపోదాం” అని బంధువుల సలహా. ఆవిడే అడ్డుకుంది. “కదలకుండా పడుకోబెడితే నెలలోపల వీపు పుళ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. ఎముకవల్ల చావను, మంచంవల్ల చస్తాను” అంది. అక్షరాలా నిజం. గుండె, ఊపిరితిత్తులు తట్టుకునే స్థితిలో ఉంటే తుంటి ఎముకకు రెండురోజుల్లోగా ఆపరేషను చేసి, మర్నాడే లేపి నిలబెట్టటం మంచిదని ఇప్పటి వైద్యం. వయసు ఒక్కటే అభ్యంతరం కాకూడదు. అలాగే జరిగింది. ఆ తర్వాత ఆవిడ మరో అయిదేళ్లు బతికింది, అందులో నాలుగేళ్లు చేతికర్ర సాయంతో తన పనులు తనే చేసుకుంది.

పడ్డాక చేసే వైద్యంకంటే పడకుండా చూడటం సులువు. ఇంట్లో అరవై దాటినవారు ఉంటే ఇవాళే ఒకసారి ఇల్లంతా నడిచి చూడండి. మంచంనుంచి స్నానాలగదిదాకా రాత్రంతా చిన్న దీపం ఉండాలి. దొడ్డి పక్క గోడకు పట్టుకునే కమ్మీ బిగించాలి. తడినేల, జారే పట్టాలు, కాళ్లకు అడ్డుపడే వైర్లు, అరిగిన చెప్పులు పనికిరావు. పడుకున్నవారు ఒక్కసారిగా లేవకుండా, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు వాడుతున్నప్పుడు కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పాలి.

మంచంలో ఉన్న మనిషి

ఆఖరి సంవత్సరం పక్షవాతంతో అమ్మమ్మ మంచాన పడింది. జీవితమంతా ఇతరులకు చేసిన సేవ చేయించుకోవలసిన వంతు వచ్చింది. పగలు సాయానికి ఒక అమ్మాయి కుదిరింది. రాత్రిళ్లు మా అమ్మ. అమ్మకూ అప్పటికి డెబ్బై దాటాయి.

మొదటి వారంలోనే ఒక తగాదా వచ్చింది. వీపు ఎర్రబడినచోట స్పిరిటు రాసి, పౌడరు వేసి బాగా రుద్దమంటుంది అమ్మమ్మ. 1940లలో ఆవిడ నేర్చుకున్నది అదే, వందలమందికి నేర్పింది అదే. రుద్దకూడదని ఇప్పుడు చెబుతున్నారంటుంది ఆ అమ్మాయి. అమ్మమ్మ కోప్పడుతుందనుకున్నాం. “ఎందుకు రుద్దకూడదో చెప్పు” అంది. ఎర్రబడినచోట చర్మం కింద రక్తనాళాలు అప్పటికే నలిగివుంటాయి, రుద్దితే ఇంకా చితుకుతాయి, స్పిరిటు చర్మాన్ని ఎండగొడుతుంది అని ఆ పిల్ల చెప్పింది. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, నోటుపుస్తకం తెప్పించి, అమ్మచేత రాయించింది: “ఎర్రబడితే రుద్దరాదు.” తొంభై రెండేళ్ల వయసులో, డెబ్బై ఏళ్ల అలవాటును ఒక ఇరవై ఏళ్ల పిల్ల మాటమీద మార్చుకోవటం సామాన్యం కాదు.

మంచాన పడ్డవారున్న ఇళ్లలో ఈ జాగ్రత్తలు మరవకండి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ఎడమ, వీపు, కుడి అని కాగితంమీద వేళలు రాసి గోడకు అంటించండి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. మధ్య చిల్లు ఉన్న గుండ్రటి రబ్బరు దిండు వాడవద్దు, అది చుట్టూ నొక్కి రక్తప్రసారాన్ని ఆపుతుంది. దుప్పటి ముడతలు లేకుండా పరవాలి. మనిషిని ఈడ్చకుండా ఎత్తి జరపాలి. తడిసిన గుడ్డ వెంటనే మార్చాలి. వేలితో నొక్కితే ఎరుపు పోకుండా అలాగే ఉంటే అది పుండుకు నాంది అని గ్రహించండి.

తినిపించేటప్పుడు తప్పకుండా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంటదాకా పడుకోబెట్టకూడదు. మగతలో ఉన్నవారి నోట్లో ఏమీ పొయ్యకండి. “గుక్కెడు పాలైనా” అని ప్రేమతో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిన సందర్భాలు ఎన్నో. మింగేటప్పుడు దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరలాడుతున్నా ఆపి, డాక్టరుకు చెప్పండి.

ఆఖరి డ్యూటీ

మంచాన పడకముందే అమ్మమ్మ తన పేజీలో ఒక రిపోర్టు రాసిపెట్టింది. రాత్రి డ్యూటీకి వచ్చే నర్సుకు పగటి నర్సు రాసే పద్ధతిలోనే. “పేషెంటు వయసు 92. తెలివి ఉన్నంతవరకు ఏది చేసినా అడిగి చెయ్యాలి. తెలివి తప్పితే నోరు తడుపుతూ ఉండాలి. పక్క తిప్పాలి. నొప్పి ఉంటే మందు ఇవ్వాలి. గొంతులో గొట్టం వద్దు. యంత్రం వద్దు. రాత్రి దీపం ఆర్పవద్దు, పేషెంటుకు చీకటంటే భయం.” అన్ని రాత్రులు వార్డుల్లో ఒంటరిగా తిరిగిన మనిషికి చీకటంటే భయమని మాకు అప్పుడే తెలిసింది!

న్యుమోనియా మూడోసారి వచ్చింది. మొదటి రెండుసార్లూ ఆస్పత్రిలో వైద్యం చేయించాం, కోలుకుంది. ఈసారి మందులు పనిచెయ్యలేదు. వెంటిలేటరు పెట్టే విషయం వచ్చింది. మామయ్య పెట్టవలసిందే అన్నారు. “మమ్మల్ని పెంచటానికి ఊరి మాటలన్నీ పడింది. డబ్బుకు చూసుకుని అమ్మను వదిలేశారని అనిపించుకోనా?” అని ఏడ్చారు. అమ్మ నోటుపుస్తకం ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివారు. అక్కడి డాక్టరు ఓపిగ్గా కూర్చుని, యంత్రం ఊపిరిని సాగదీయగలదే కాని ఈ స్థితిలో మనిషిని తిరిగి ఇవ్వలేదని వివరించారు.

ఇంటికి తెచ్చుకున్నాం. వైద్యం మానటం కాదు, వైద్యం ఉద్దేశం మార్చుకున్నామంతే. ఆయాసం తెలియకుండా డాక్టరు సూచించిన కొద్ది మోతాదులో మార్ఫిన్, నోరు తడపటం, పక్క తిప్పటం, మాట్లాడటం. తొమ్మిది రోజులు. మామయ్య ఆ తొమ్మిది రాత్రులూ దీపం పక్కనే కూర్చున్నారు. పక్క తిప్పే వేళలు గోడమీద కాగితంలో ఆయనే టిక్కు పెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టిన టిక్కే చివరిది.

ఇది అందరికీ ఒకటే తీర్పు అని చెప్పటం లేదు. ముసలివారికి వచ్చిన న్యుమోనియా చాలావరకు నయమవుతుంది, వయసు చూసి వదిలెయ్యటం మహాపాపం. నేను చెప్పేది, పెద్దవారి మనసులో మాట వారికి తెలివి ఉండగానే అడిగి తెలుసుకోమని. 2018లో సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, ఇటువంటి ముందస్తు ఆదేశాలకు చట్టబలం ఇచ్చింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ ఆఫీసరు చేతనో ధ్రువీకరింపజేసుకోవచ్చు. నొప్పి తగ్గించటానికి మార్ఫిన్ అందుబాటులోకి రావటానికి 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. నొప్పితో అల్లాడే రోగి ఉన్నవారు “ఇంతేనా?” అని ఊరుకోకండి, పాలియేటివ్ వైద్యం గురించి అడగండి.

చివరగా, సేవచేసేవారి సంగతి. మన ఇళ్లలో ఈ భారం చాలావరకు ఒక కూతురిమీదో కోడలిమీదో పడుతుంది. ఆవిడకు నిద్ర ఉందా, నడుంనొప్పి ఉందా అని అడిగేవారు ఉండరు. వార్డులో ఒకే నర్సు మూడు షిఫ్టులూ చెయ్యదు కదా! ఇంట్లో కూడా వేళలు పంచుకోండి. మగవాళ్లు వారానికి రెండు రాత్రులైనా డ్యూటీ తీసుకోవాలి. పక్క తిప్పటానికి, నోరు తడపటానికి ఆడా మగా తేడా లేదు.

ఇక హస్తవాసి సంగతి. అది ఉంది. కాని అది చేతిరేఖల్లో ఉండేది కాదు. సబ్బుతో కడిగిన చేతుల్లో, నిమిషంసేపు నిలబడి చూసే ఓర్పులో, మర్చిపోకుండా రాసిపెట్టే శ్రద్ధలో ఉంది. రేపు బజారుకు వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి కొనుక్కోండి. మీ ఇంటి హస్తవాసికి అంతకంటే పెట్టుబడి అక్కర్లేదు.